పాట తగిలే గోడ

బొటనవేలంత ఇత్తడి గొట్టాన్ని శబ్దం కొలిచే మీటరు మూతికి తొడిగి, బొత్తాం నొక్కి, అంకె కోసం చూశాడు. తొంభై నాలుగు. రోజూ వచ్చే అంకే. ఆ గొట్టంలోంచి సన్నటి కూత ఒకటి వస్తుంది. అది కచ్చితంగా తొంభై నాలుగు డెసిబెల్స్ ఉంటుందని తయారుచేసినవాళ్ళ హామీ. మీటరు కూడా అదే చూపిస్తే ఆ రోజుకి మీటరు నిజం చెబుతుందని అర్థం. ఇరవై ఆరేళ్ళుగా పొద్దున్నే అతని మొదటి పని ఇది. మొదటి ఇరవై మూడేళ్ళు ఆ కూత అతనికి వినిపించేది. ఇప్పుడు అంకె చూసి నమ్ముతున్నాడు.

బల్ల అదిరింది. తలెత్తాడు. ఎదురుగా భార్య, అరచెయ్యి బల్ల మీదే ఉంది.

"మిమ్మల్నే! మూడుసార్లు పిలిచాను. ఆ మీటరునడిగినా ఈపాటికి జవాబు చెప్పేది."

"ఏంటో చెప్పు."

"చెల్లి ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో ఆ ఇంటి ఓనరు ఇవాళ సాయంత్రం ఐదింటి దాకానే ఆగుతాడట. తర్వాత వేరేవాళ్ళకి ఇచ్చేస్తాడు. అవునో కాదో తేల్చెయ్యండి."

"చూద్దాంలే."

"పంతొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. కళ్ళు అరిగిపోవూ?"

ఆమె దగ్గింది. ఆ దగ్గు అతనికి వినిపించలేదు, భుజాలు కదలడం కనిపించింది. వంటింటి కిటికీకి రెండు జానల అవతల పక్క భవనం గోడ ఉంది. ఈ ఇంట్లోకి ఎండ వచ్చిన దాఖలా లేదు. ఉతికిన బట్ట ఆరడానికి రెండు రోజులు పడుతుంది. లాండ్రీలో రోజంతా నిలబడి ఇస్త్రీ చేసే మనిషి, సాయంత్రం రెండు అంతస్తులు ఎక్కి వచ్చి చెమ్మ గోడల మధ్య పడుకుంటుంది. మోకాళ్ళు వాచిపోయాయి. మెట్లు దిగేటప్పుడు రెండు చేతులతో ఇనుప కమ్మీ పట్టుకుని, చంటిపిల్లలా రెండు పాదాలూ ఒకే మెట్టు మీద పెట్టి దిగుతుంది. ఆమె చెల్లెలు ఉండే వీధిలో ఒక ఇల్లు ఖాళీ అయింది. బస్సు చివరి స్టాపు. కింది వాటా. రెండు గదుల్లోకీ పొద్దుటి ఎండ.

మీటరుని పెట్టెలో పెట్టి తాళం వేసి, గాలి హోరు తగలకుండా దాని మూతికి తొడిగే నురుగు బంతులు రెండు చొక్కా జేబులో వేసుకున్నాడు. మనిషి బక్కపలచన. చెవులు మాత్రం చేటలంత. శబ్దాలు కొలిచే ఉద్యోగానికి ఆ చెవులు చూసే తీసుకున్నారని ఆఫీసులో పాత జోకు.

ఈ ఇల్లు ఎంచుకున్నది అతనే. పెళ్ళయిన కొత్తలో అద్దె ఇంటి కోసం ఇద్దరూ నగరమంతా తిరిగారు. పది ఇళ్ళు చూశారు. ఆమె ప్రతి ఇంట్లోనూ కొళాయి తిప్పి చూసేది, ఎండ ఏ వైపు నుంచి పడుతుందో అడిగేది. అతను గది మధ్యలో కళ్ళు మూసుకుని నిలబడేవాడు. పదకొండో ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు. పడకగది గోడలోంచి పాట వచ్చింది. పక్కది సంగీతశాల, దాని వేదిక కింద సరిగ్గా ఆ గోడ మొదటికి ఆనుకునే ఉంది, రోజూ రెండు నుంచి నాలుగు దాకా ఇరవై మంది కలిసి సాధన చేస్తారు అని వాచ్‌మన్ చెప్పాడు. చెప్పి, అందుకే ఇక్కడ ఎవరూ నిలవడం లేదని కూడా అనేసి నాలుక కరుచుకున్నాడు.

అతను అరచెయ్యి గోడకి ఆనించాడు. "ఇదే" అన్నాడు.

"ఎండేదండీ?" అంది కొత్త పెళ్ళాం, నల్లటి వంటింటి కిటికీ చూపిస్తూ.

"ఎండ బయట బోలెడంత దొరుకుతుంది."

ఆ ముక్క ఆమె ఇప్పటికీ ఏడాదికోసారైనా అప్పజెబుతుంది.

టికెట్టు కొనుక్కుని ముందు వరసలో కూర్చునే మనిషి కాదతను. నాలుగైదుసార్లు మాత్రం ఆదివారాలు వెళ్ళాడు. చుట్టూ జనం, దగ్గులు, కుర్చీల చప్పుళ్ళు. తన మంచం మీద పడుకుని విన్నట్టు లేదు. అందుకని బయటి పనులన్నీ ఎలాగో సర్దుకుని, రోజూ రెండింటికి భోజనానికి ఇంటికి వచ్చేవాడు. పది నిమిషాల్లో తినేసి, తల గోడకి చేర్చి పడుకునేవాడు. ఆ గంట కోసమే మిగతా ఇరవై మూడు గంటలూ బతికినట్టుండేది.

మూడేళ్ళ కిందట ముందు వయొలిన్లు పోయాయి. వాళ్ళు మానేశారనుకున్నాడు. తర్వాత ఫ్లూట్లు. ఆ తర్వాత మనుషుల మాటల అంచులు అరిగిపోవడం మొదలైంది, అప్పుడు అర్థమైంది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెవులు పోయినవాడి చేతిలో మీటరు ఎవరుంచుతారు? ఎదుటివాళ్ళ పెదాలు చూడటం నేర్చుకున్నాడు. ఇంట్లో ఆమె గొంతు పెంచింది, సంగతి ఎత్తలేదు.

ఒక్కటి మాత్రం మిగిలింది. ఆ ఇరవై వాద్యాల్లో మనిషికంటే ఎత్తయినది ఒకటుంది, వయొలిన్‌కి తాతలాంటిది, నిలబడి వాయిస్తారు. డబుల్ బేస్. దాని బొంగురు నాదం గోడలోంచి మంచంలోకి, మంచంలోంచి వీపులోకి వచ్చేది. చెవులతో పని లేకుండా. దాని మీద మిగతా పాటంతా అతను జ్ఞాపకంతో అల్లుకునేవాడు. ఆ గోడ ఉన్నంతకాలం అతను చెవిటివాడు కాడు.

ఆఫీసులో జూనియర్ కుర్రాడు ఫైలు పట్టుకుని ఎదురొచ్చాడు. కుర్రాడంటే ముప్ఫై దాటినవాడే.

"గురువుగారూ, ఇవాళ మీ అంత అదృష్టవంతుడు లేడు. పని ఇంటి దగ్గరే."

"ఏంటది?"

"మీ బిల్డింగే. మూడో అంతస్తు. ఎవరో నర్సట. పక్క హాల్లో వాయిద్యాలు నిద్ర పోనివ్వడం లేదని కంప్లైంటు."

కాగితం అందుకున్నాడు. అక్షరాలు ముచ్చటగా ఉన్నాయి. 'రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాను. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు కంటి మీద కునుకు ఉండటం లేదు. అయిదు నెలల నుంచి ఇదే పరిస్థితి. దయచేసి వచ్చి కొలవండి.' సరిగ్గా తన పడకగది మీది గది.

ఇళ్ళ లోపల పగటి పరిమితి నలభై ఐదు డెసిబెల్స్. దాటితే హాలుకి నోటీసు. వేదిక మార్చేదాకా సాధన బంద్. ఆ చిన్న బృందానికి వేదిక మార్చే తాహతు ఉండదు, ఊరికి ఆ కొసన ఎక్కడో అద్దె హాలు చూసుకుంటారు.

"నేనుండేదే అక్కడ. నేను వెళ్ళకూడదేమో. నువ్వెళ్ళు" అన్నాడు.

"నాకు జనరేటర్ల పని ఉంది. అయినా మీరైతేనేం? సొంత బావమరిది రంపం మిల్లుకే నోటీసిచ్చిన మనిషి. ఆయన ఇప్పటికీ మీ ఇంటికి రాడటగా?"

"వస్తాడు. మాట్లాడడు."

"అదీ! అంకె దగ్గర మీకు అమ్మా నాన్నా లేరు." కుర్రాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పొద్దుటి పని ఒక రేకుల షెడ్డులో. ఇనప రేకులు కోసే యంత్రం పక్కన మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, మీటరు బిగించి, నురుగు బంతి తొడిగాడు. ఎనభై నాలుగు. యజమాని చెవి దగ్గరికొచ్చి ఏదో అరిచాడు. అర్థం కాలేదు, తల ఊపాడు. ఎలాగూ అంకెతో వాదించేవాడు ఉండడు. ఈ ఉద్యోగంలో అతనికి నచ్చింది అదే. కానీ ఇవాళ రాసుకుంటున్నప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది. ఎనభై నాలుగు బదులు నలభై నాలుగు అని రాయబోయాడు.

రెండింటికి పది నిమిషాల ముందు మూడో అంతస్తు తలుపు తట్టాడు.

తలుపు తీసిన పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు. ముప్ఫై ఏళ్ళుండవు. చేతిలో దూది.

"బాబాయ్ గారా!" నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తీసేసింది. "ఆఫీసు నుంచి వచ్చేది మీరా? అయ్యో, నాకు తెలీదు. పిన్ని ఏమనుకుంటుందో."

"పిన్నికి దీనితో సంబంధం లేదు. నా వైపు తిరిగి మాట్లాడమ్మా."

గది కొలతలన్నీ తన గదివే. కిటికీకి నల్ల కాగితం అంటించి ఉంది. తలుపు వెనక చిలక్కొయ్యకి తెల్ల యూనిఫారం. మంచం మాత్రం వింతగా, ఏ గోడకీ తగలకుండా, గది మధ్యలో ఏటవాలుగా ఉంది. నేల మీద దాని కాళ్ళు గీసిన చారలు నలుదిక్కులా పోయాయి.

స్టాండు మంచం పక్కన పెట్టాడు. అవతల సాధన మొదలైంది. మొదలైందని అతనికి అంకె చెప్పింది. ముప్ఫై ఎనిమిది. నలభై. నలభై ఒకటి. పది నిమిషాలు చూశాడు. నలభై ఒకటి దాటలేదు.

పెన్ను మూత తీశాడు.

"పరిమితి నలభై ఐదు. నలభై ఒకటే ఉంది."

"అంటే?"

"పరిమితి లోపలే ఉంది."

"అంటే నాకు నిద్ర పట్టి తీరాలనా, బాబాయ్ గారూ?"

ఆమె మంచం అంచున కూర్చుంది.

"నేనేం పాటకి శత్రువుని కాదు. ఈ ఇల్లు చూడ్డానికొచ్చిన రోజు పాట వినిపిస్తే, భలే ఉందే, సినిమా ఇల్లులా అనుకున్నాను. ఇప్పుడూ చెవుల్లో దూది పెట్టుకుంటే పాట పోతుంది. కానీ ఇంకోటి ఉంది. అది చెవిలోకి రాదు. మంచంలోంచి వస్తుంది. పళ్ళలోకి వస్తుంది. చెబితే పిచ్చిదాన్నంటారేమో."

"అనరు."

"మొన్న తెల్లవారుజామున ఒక పసివాడికి పట్టాల్సిన మందు బదులు పక్క మంచం వాళ్ళది సిరంజిలోకి ఎక్కించాను. నాతో ఉన్న సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. కళ్ళు తెరిచే ఉన్నాను బాబాయ్ గారూ. చూస్తూనే ఉన్నాను." వేళ్ళు చూసుకుంది. "ఆస్పత్రికి నడిచి వెళ్ళగలిగే ఇల్లు ఇదొక్కటే దొరికింది నాకు. ఎవరికీ చెప్పలేదు ఇది. మీకెందుకు చెప్పానో."

అతను మంచం ఇనుప కమ్మీ మీద చెయ్యి వేశాడు. కమ్మీ సన్నగా వణుకుతోంది. ఆ వణుకు అతనికి భార్య అడుగుల అదురు ఎంత తెలుసో అంత తెలుసు. డబుల్ బేస్, కింది తీగ, నిదానంగా.

మీటరు పక్కన ఒక మీట ఉంది. దానికి రెండు స్థానాలు, ఎ, సి. ఎ దగ్గర పెడితే మీటరు మనిషి చెవిలా వింటుంది. బొంగురుగా ఉండే మంద్ర శబ్దాల్ని చెవి అంతగా లెక్కచెయ్యదు, మీటరూ చెయ్యదు. సి దగ్గర పెడితే ఆ మంద్ర శబ్దాల్ని కూడా ఉన్నదున్నట్టు చెబుతుంది. ఆఫీసు ఫారంలో ఉన్నది ఎ గడి ఒక్కటే. అందుకని ఆ మీటని ఎవరూ ముట్టుకోరు. అతను ముట్టుకుని ఏళ్ళయింది. దుమ్ము పట్టి బిగుసుకుపోయింది. గోటితో తోశాడు.

అరవై ఎనిమిది.

చప్పున వెనక్కి లాగేశాడు.

"ఏంటది?" ఆమె లేచి నిలబడింది. "ఏదో మారింది."

"ఏం లేదు. మీటరు పరీక్ష."

నలభై ఒకటి అని రాసి, సంతకం పెట్టాల్సిన చోట వేలు చూపించాడు. ఆమె ఫారం చదవనైనా చదవకుండా సంతకం పెట్టింది. తలుపు దాకా వచ్చింది.

"మీకు శ్రమ ఇచ్చాను. ఏమీ అనుకోకండి" అంది.

కిందికి వచ్చి తన మంచం మీద పడుకున్నాడు. అన్నం సంగతి మర్చిపోయాడు. తల గోడకి చేర్చాడు. వచ్చింది. వీపులోకి, పక్కటెముకల్లోకి, వెచ్చగా. హాలు ఎక్కడికీ పోదు. అబద్ధం రాయలేదు. గడి ఎ అంది, ఎ రాశాడు. ఫారం తను తయారుచేసింది కాదు. జూనియర్ వెళ్ళినా ఐదు నిమిషాల్లో ఇదే అంకె రాసుకుని వచ్చేవాడు, ఆ మీట జోలికి కూడా పోయేవాడు కాదు.

పైకప్పు నుంచి వేలాడే బల్బు ఊగింది.

అది అతనికి తెలిసిన ఊగుడే. పై గదిలో మంచం ఈడుస్తున్నారు. అయిదు నెలలుగా రోజూ ఇదే వేళకి. పాట మధ్యలో ఆ అదురు అడ్డొస్తే ఒళ్ళు మండేది. రెండు నెలల కిందట ఆపుకోలేక చీపురు కర్రతో పైకప్పుని పొడిచాడు. భార్యని పంపించి చెప్పించాడు కూడా. ఆ పిల్ల కిందికి దిగి వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "ఇక జరపను పిన్నీ, మాటిస్తున్నాను" అంది.

జరుపుతూనే ఉంది. వణుకు లేని చోటు కోసం గదంతా వెతుకుతోంది. తనకి ఏది దొరకాలని మంచాన్ని గోడకి చేర్చి వేసుకున్నాడో, దాన్ని తప్పించుకోవడానికే ఆ పిల్ల నేలంతా గీరుతోంది.

బల్బు ఆగింది. మళ్ళీ ఊగింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు.

హాలు పక్క తలుపు సందులోకి తెరిచి ఉంది. వేదిక మీద ఇరవై కుర్చీలు. ఎడమ చివర, గోడని ఆనుకుని, పొడుగాటి మనిషి తనకంటే పొడుగాటి వాద్యాన్ని కౌగిలించుకుని నిలబడ్డాడు. అందరూ అతన్ని నిచ్చెన అంటారని తర్వాత తెలిసింది. తను తిన్నగా వేదిక దగ్గరికి పోయి, మోకాళ్ళ మీద వంగి, చెక్క కిందికి తొంగిచూశాడు. దూలాలు. ఒక్కొక్కటీ పోయి గోడలోకి దిగాయి. బేస్ ఇనుప కాలు చెక్క మీద, చెక్క దూలం మీద, దూలం గోడలో. గోడ తన మంచంలో, ఆ పిల్ల మంచంలో.

చేతిలో సన్నటి కర్రతో బృందాన్ని నడిపించే పెద్దావిడ చెయ్యి ఎత్తింది. అందరూ ఆపారు.

"ఎవరండీ మీరు? చెప్పుల్లేకుండా వచ్చి వేదిక కింద దూరుతున్నారు?"

కార్డు చూపించాడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కంప్లైంటా?"

"వచ్చింది. కొలిచాను. మీటరు మీ పక్షానే ఉంది. మీరేమీ చెయ్యనక్కర్లేదు."

"మరి?"

"ఈయన్ని అటు కొసకి పంపగలరా? ఆ వైపు నేల సిమెంటుది. కింద దూలాల్లేవు. అక్కడ నిలబడితే గోడ వణకదు. మీ హాల్లో పాట పాటలాగే ఉంటుంది."

"మీటరు మా పక్షానుంటే మేమెందుకు జరగాలి?" అంది ఆవిడ.

"పైన ఒక నర్సుంది. పగలు పడుకోవాలి. అది చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వస్తోంది ఆ పిల్లకి."

ఎవరూ మాట్లాడలేదు. లేదా మాట్లాడితే అతనికి వినిపించలేదు. నిచ్చెన నవ్వాడు. ఆ పెదాల కదలిక స్పష్టంగా చదవగలిగాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఇదే చోటండీ నాది. ఈ గోడ నాకు చేరగిల్లడానికి. ఇప్పుడు నన్ను డ్రమ్ముల పక్కకి తోస్తారా? ఆయన నా చెవులు కొరికేస్తాడు."

వెనక డ్రమ్ములాయన ఏదో అన్నాడు, అందరూ నవ్వారు.

"సరే, ఈ గోడ అవతల ఎవరుంటారు?" నిచ్చెన మెటికతో గోడని తట్టాడు. "సరిగ్గా నా వెనక?"

"కింద గోడౌన్లు. వాటి పైన ఎవరో మొగుడూ పెళ్ళాలు."

"వాళ్ళకి ఇబ్బంది లేదా మరి?"

"లేదు. వాళ్ళెప్పుడూ ఏమీ అనలేదు."

"పాపం, మంచివాళ్ళు. చెప్పండి వాళ్ళకి కూడా, ఇక మీదట హాయిగా పడుకోవచ్చని."

"చెబుతాను" అన్నాడు.

నిచ్చెన వాద్యాన్ని రెండు చేతుల్తో ఎత్తి, పెళ్ళికూతుర్ని దాటిస్తున్నట్టు కుర్చీల మధ్యనుంచి జాగ్రత్తగా అటు కొసకి నడిచాడు. అది చివరి దాకా చూడకుండానే తను వెనక్కి తిరిగాడు.

దారిలో తన ఇంట్లోంచి మీటరు పెట్టె, స్టాండు తీసుకుని మూడు అంతస్తులు ఎక్కేసరికి ఆయాసం. నర్సు తలుపు తీసి, ఏమీ అడక్కుండా పక్కకి జరిగింది. స్టాండు నిలబెట్టి, మీట సి దగ్గరికి తోశాడు. అవతల మళ్ళీ మొదలెట్టారా లేదా అని ఆమెని అడిగాడు. ఆమె తల ఊపింది. యాభై రెండు. నలభై తొమ్మిది. యాభై. కమ్మీ మీద చెయ్యి వేశాడు. చల్లటి ఇనుము, అంతే. అరవై ఎనిమిదికీ యాభైకీ మధ్య తేడా ఏమిటో ఈ ఊళ్ళో అతని కంటే బాగా తెలిసినవాడు లేడు.

ఫారం తీశాడు. గడి లేనిచోట పెన్నుతో గడి గీశాడు. మార్చకముందు అరవై ఎనిమిది, మార్చిన తర్వాత యాభై అని రాశాడు. కింద, 'ఫిర్యాదు నిజం' అని రాశాడు. ఇంకోసారి సంతకం పెట్టించుకుందామని తల తిప్పాడు.

ఆమె మంచం అంచున కూర్చునే నిద్రపోయింది. తల బీరువాకి ఆనింది. నోరు కొంచెం తెరుచుకుంది. గుప్పిట్లోంచి దూది జారి ఒళ్ళో పడింది.

ఇప్పుడు చప్పుడు చెయ్యకుండా బయటపడాలి. తను చప్పుడు చేస్తున్నాడో లేదో అతనికి తెలీదు. మీటరు ఆపలేదు. దాన్ని ఎడంచేత్తో పట్టుకుని, అంకె చూసుకుంటూ, కుడిచేత్తో స్టాండు కాళ్ళు ఒక్కొక్కటీ మడిచాడు. అంకె పెరిగినప్పుడల్లా ఆగాడు. తగ్గాక మళ్ళీ మడిచాడు. పెట్టె అక్కడ మూయలేదు. తలుపు రెండు అరచేతుల మధ్య పట్టుకుని, గడియ ఒరుసుకోకుండా, అంగుళం అంగుళం దగ్గరికి వేశాడు. ఇరవై ఆరేళ్ళలో అతను కొలిచిన అతి చిన్న శబ్దం అదే.

తన గదిలో మంచం మీద పడుకుని తల గోడకి చేర్చాడు. నాలుగయ్యేదాకా అలాగే ఉన్నాడు. అరచెయ్యి ఆనించాడు. నుదురు ఆనించాడు. చెమ్మగా, చల్లగా, ఏ ఇంట్లోనైనా ఉండే గోడలా ఉంది. వాళ్ళు వాయిస్తున్నారో మానేశారో కూడా తెలీలేదు. జ్ఞాపకంతో అల్లుకుందామని చూశాడు. అల్లడానికి దారం దొరకలేదు.

నాలుగున్నరకి భార్య వచ్చింది. సంచి కింద పెట్టి, గుమ్మంలోనే కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంది.

"అన్నం ముట్టుకోలేదేంటి?"

"మీ చెల్లికి ఫోన్ చెయ్యి. అవునని చెప్పు."

"ఏమన్నారు?" ఈ మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆమె అడగడం అదే మొదలు. అడిగేది ఎప్పుడూ అతనే.

"ఆ ఇల్లు తీసుకుందాం. ఎండ వచ్చేది."

ఆమె అతన్ని చూసింది. మంచాన్ని చూసింది. మెల్లగా లేచి వచ్చి గోడకి చెవి పెట్టింది. ఆ గోడకి ఆమె చెవి పెట్టడం అతను ఎప్పుడూ చూడలేదు.

"ఇవాళ వాయించలేదా?"

"వాయించారు."

తన చెవుల సంగతి, ఈ గోడ సంగతి ఆమెకి ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో అతనికి అప్పుడు అర్థమైంది. ఆమె పక్కన కూర్చుని అతని మోచెయ్యి పట్టుకుంది. గొంతు పెంచలేదు. పెదాలు మాత్రం స్పష్టంగా కదిపింది.

"పోనీ, ఆగుదామా? ఇంకెక్కడైనా, ఇలాంటి గోడే ఉన్న ఇల్లు వెతుకుదాం. మెట్లు నేను ఎక్కుతాలెండి."

"వద్దు. ఐదవుతోంది. ఫోన్ చెయ్యి."

చేసింది. మాట్లాడుతున్నంతసేపూ కిటికీ వైపు తిరిగే నిలబడింది, పెదాలు అతనికి కనిపించకుండా. తర్వాత చీర కొంగుతో ముఖం తుడుచుకుని, ఇప్పుడే వచ్చి చూసి మాట ఖాయం చేసుకోమన్నారు అంది. బస్సు అందుకోవాలి. ఇద్దరూ మెట్లు దిగారు. రెండు అంతస్తులూ ఆమె కంటే ఒక మెట్టు కింద తను దిగాడు, పడితే ఆపడానికి.

సందులో హాలు పక్క తలుపు ఇంకా తెరిచే ఉంది. ఊడ్చే మనిషి కుర్చీలు దొంతర పెడుతోంది.

"ఒక్క నిమిషం" అన్నాడు భార్యతో.

"బస్సు పోతుంది!"

"ఒక్క నిమిషమే."

లోపల ఎవరూ లేరు. వాద్యాలన్నీ వెళ్ళిపోయాయి. తన గోడని ఇటువైపు నుంచి తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. చెక్కల మీదికి ఎక్కి, గోడ పక్క ఖాళీ అయిన చోట చతికిలబడ్డాడు. అక్కడ, ఇరవై రెండేళ్ళు ఆ వాద్యం ఇనుప కాలు ఆనిన చోట, తన మంచం దాకా పాట బయల్దేరిన చోట, చెక్కలో చిటికెన వేలి కొన పట్టేంత గుంట ఒకటి ఉంది, అంచులు నల్లగా, నున్నగా, అడుగున అరిగిన చెక్క పొడి చిటికెడు.